సార్నత్ మాట, కొవ్లా ప్రమాణం

క్లూయిన్‌ఫెర్నా మఠంలో వెన్న తీసే సార్నత్‌కి నోరు మంచిది కాదని చుట్టుపక్కల అందరికీ తెలుసు. అయినా ఆమె చేతి వెన్న తిన్నవాళ్ళెవరూ ఆ నోటి గురించి పైకి మాట్లాడరు. నలభై ఒక్క ఏళ్ళుగా పాలకొట్టం ఆమెదే. కోపంతో ఉన్నవాళ్ళని చిలికే బాన దగ్గరికి రానిచ్చేది కాదు, వెన్న పడదని. సన్యాసినులు పొద్దున్నే పోట్లాడుకుని వస్తే, "ముందు వెళ్ళి రాజీపడి రండి, మీ గొడవ పాలకెందుకు?" అని గుమ్మంలోనే నిలబెట్టేది. ఆ నియమం తనకి మాత్రం వర్తించేది కాదు. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఎవరో ఒకరిని తిడుతూనే చిలికేది. వెన్న మాత్రం పచ్చగా, ముద్దగా, వంక పెట్టడానికి లేకుండా వచ్చేది.

ఆమెకి చెవే కొలత. పాలు వెన్నగా మారే ముందు బానలో చప్పుడు ఒక్కసారి బరువెక్కుతుంది. అది దాటి నాలుగు పోట్లు ఎక్కువ పడ్డాయా, వెన్న జావైపోతుంది. అరవై దాటాక చెవి మందగిస్తే, బానకి అరచెయ్యి ఆనించి పట్టుకోవడం మొదలుపెట్టింది. "చెవి పోతే చెయ్యి లేదా?" అనేది. తీసిన వెన్నకి ఉప్పు పట్టించి, చెక్కపెట్టెల్లో కుక్కి, చలువ కోసం బురదనేలలో పాతేది. ఏ పెట్టె ఎక్కడ ఉందో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. సన్యాసినులు సార్నత్ ఆయుష్షు కోసం చేసే ప్రార్థనల్లో సగం ఆ పెట్టెల కోసమేనని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు.

ఆ మఠాన్ని కట్టింది కొవ్లా అమ్మ. పోయి పన్నెండేళ్ళయింది. ఇప్పుడామె సమాధి దగ్గరికి జ్వరాలవాళ్ళూ, చూలు నిలవని ఆవులవాళ్ళూ వచ్చి మొక్కుకుంటారు. అందరికీ ఆమె పరిశుద్ధురాలు. సార్నత్‌కి మాత్రం పాలు పితకడం చేతకాని మనిషి. "నాలుగుసార్లు నేర్పా. నాలుగుసార్లూ ఆవు తన్నింది. అయిదోసారి నేనే తన్నేదాన్ని" అని చెప్పి, మొహం తిప్పుకుని బాన గట్టిగా చిలికేది. పెనం మీది రొట్టెల్లో మాడినది ఎప్పుడూ కొవ్లా వంతే. మంచు పడే రోజుల్లో తన కంబళి ఎవరికో ఇచ్చేసి, అడిగితే ఎక్కడో మర్చిపోయానని చెప్పేది. ఆమె జీవితంలో ఆడిన అబద్ధాలన్నీ కంబళ్ళ గురించేనని సార్నత్ నమ్మకం.

ఆ వసంతంలో పెద్ద మఠం నుంచి దీమా అనే సన్యాసి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళవాడు, బొద్దుగా ఉంటాడు, ముత్యాల్లాంటి అక్షరాలు రాస్తాడు. కొవ్లా జీవితం గ్రంథంగా రాయమని పై నుంచి ఆజ్ఞ. రాత కోసం మఠం వాళ్ళు దూడతోళ్ళు ఇచ్చారు. అందులో ఒకటి తన ఎర్రావు కన్న మచ్చల దూడదని సార్నత్ చూడగానే గుర్తుపట్టింది. "దాన్ని నా చేత్తో పెంచా. దాని మీద చెత్త రాశావో, ఊరుకోను" అంది. దీమా నవ్వాడు. ఆమె వెన్న రాసిన రొట్టెలు తింటూ, ఈకతో గీసుకుంటూ, ఆమెని ముప్పై ప్రశ్నలు అడిగాడు. కొవ్లా రాజుతో తలపడిన రోజు గాలి ఎటు వీచింది, రాజు కూర్చున్న ఆసనం ఏ చెక్కది, అక్కడ ఎంతమంది ఉన్నారు. ఆమె ఓపిగ్గా అన్నీ చెప్పింది. సార్నత్ ఓపిక పట్టిందంటేనే ఆ గ్రంథం ఆమెకి ఎంత ముఖ్యమో తెలుసుకోవాలి.

రాత పూర్తయ్యాక ఒక మధ్యాహ్నం భోజనశాలలో అందరినీ కూర్చోబెట్టి చదివాడు. లాటిన్‌లో రాసింది మన మాటల్లోకి మారుస్తూ చదువుతుంటే సన్యాసినులు కళ్ళు తుడుచుకున్నారు. కొనాంగ్ రాజు కోట ముందు కొవ్లా పస్తు కూర్చున్న ఘట్టం వచ్చింది. "మూడో రోజు ఉదయం తెల్లని రెక్కల దేవదూత ఒకడు దిగివచ్చి, రాజు చాటుగా పాలు తాగాడని పరిశుద్ధ కొవ్లా చెవిలో చెప్పాడు..."

"ఆగు నాయనా" అంది సార్నత్. "ఆ రెక్కలాయనెవరు?"

"దేవదూత, అవ్వా."

"నేనక్కడే ఉన్నా. రెక్కలు లేవు. నెత్తి మీద దూడల కుడితి బుంగ ఉంది. ఆ చెప్పింది నేను."

ఎవరో కిసుక్కున నవ్వారు. దీమా చదువుతున్న తోలు మెల్లగా కింద పెట్టాడు. "నువ్వు చెప్పావు, కాదనను. కానీ అవ్వా, అప్పటికి నువ్వు బానిసవి. బానిస మాట సాక్ష్యానికి చెల్లదు. అలాంటి మాట పట్టుకుని ఒక పరిశుద్ధురాలు మఠం గంట మీద చెయ్యేసి ప్రమాణం చేసిందని రాస్తే, చదివినవాళ్ళు ఏమనుకుంటారు? తొందరపాటు మనిషి అనుకోరూ? దేవదూత ఉంటే ఆమెకి మచ్చ ఉండదు."

మఠం పెద్ద మూరెన్ సర్దిచెప్పబోయింది. కొవ్లా తర్వాత ఆ స్థానంలోకి వచ్చిన మనిషి, మంచిదే. "పోనీలే సార్నత్ అక్కా. వాగవతల మఠం వాళ్ళ పరిశుద్ధురాలు పగిలిన కుండలో పాలు నిలబెట్టిందని రాయించుకున్నారు. జనమంతా అటే పోతున్నారు. మనకీ ఒక దేవదూత ఉంటే తప్పేంటి?"

"తప్పేంటా?" సార్నత్ లేచి నిలబడింది. "దేవదూత దిగొచ్చి చెబితే ఎవరు నమ్మరే, మూరెన్? నువ్వు నమ్ముతావు. ఈ దీమా నమ్ముతాడు. ఆ కొనాంగ్ రాజు కూడా నోరు మూసుకుని నమ్మేవాడు. దానికి కొవ్లా ఎందుకు? కుడితి మోసే పిల్ల చెబితే నమ్మింది చూడు, అందుకే ఆమె కొవ్లా. అది తీసేస్తే ఇంకేం మిగిలింది, ఆవుల చేత తన్నించుకోవడం తప్ప?"

"పెద్ద మఠంలోవాళ్ళు ఒప్పుకోరు అవ్వా" అన్నాడు దీమా. "ఇది మారదు."

"మారదూ?"

"మారదు."

సార్నత్ బయటికి నడిచింది. పాలకొట్టానికి వెళ్ళి బాన కడిగి బోర్లించింది. కూర్చోవడానికి రెల్లుచాప తీసుకుని, దీమా ఉంటున్న అతిథుల గుడిసెకి నడిచి, గుమ్మం ముందు పరిచి కూర్చుంది.

మా దగ్గర బలవంతుడి మీద లేనివాడికి ఉన్న దారి అది ఒక్కటే. అన్యాయం చేసినవాడి గుమ్మం ముందు పస్తు కూర్చుంటారు. బయట మనిషి పస్తుంటే లోపలి మనిషి తినకూడదు. తిన్నాడంటే ఓడినట్టే. ఇక వాడి మాటకి ఎక్కడా విలువుండదు. రాజుకైనా అదే, రాతగాడికైనా అదే. దీమా గుమ్మంలోకి వచ్చి చాపని చూసి ముందు నవ్వాడు. అప్పుడే వంటింటి వైపు నుంచి ఉల్లికాడల పులుసు వాసన వచ్చింది. దాంతో అతనికి సంగతి పూర్తిగా అర్థమైంది.

సార్నత్‌కి ఆ పని కొత్త కాదు. తను కూర్చోవడమే కొత్త. యాభై ఏళ్ళ కిందట తన కోసం ఇంకొకరు కూర్చుంటే చూసింది.

కరువు ఏడాది తల్లి ఆమెని అమ్మేసింది. అప్పటికి సార్నత్‌కి ఆరేళ్ళు. తల్లిని ఎప్పుడూ తప్పుపట్టలేదు. కొనాంగ్ రాజు కోటలో తిరగలి విసిరింది, ఆవుల పేడ ఎత్తింది, చివరికి పాలకొట్టంలో కుదిరింది. పదిహేడో ఏట, రాజుగారి మేనల్లుడి చేతికి చిక్కకుండా ఒక ఉదయం పారిపోయి, క్లూయిన్‌ఫెర్నా హద్దు శిలువరాళ్ళు దాటి లోపలికొచ్చి పడింది. ఆ రాళ్ళు దాటి వచ్చినవాళ్ళని ముట్టుకోవడానికి ఎవరికీ హక్కు లేదు. రాజభటులు ముట్టుకున్నారు. జుట్టు పట్టి హద్దు బయటికి ఈడ్చుకుపోయారు. కొవ్లా అప్పటికి నలభై నిండని మనిషి, పరుగెత్తుకొచ్చేసరికి గడ్డి మీద ఈడ్చిన జాడ మాత్రమే ఉంది.

ఆ రోజే వెళ్ళి రాజు కోట వాకిట్లో కూర్చుంది. "నా హద్దులోంచి తీసుకుపోయిన పిల్లని నాకు ఇయ్యి" అంది, అంతే. ఒకటో రోజు వాన. రెండో రోజూ వాన. కోటలో పొయ్యి వెలగలేదు, రాజు కూడా తినలేదు మరి. కొనాంగ్‌కి పంతం ఎక్కువ. ఆడమనిషి ఎన్నాళ్ళు కూర్చుంటుందిలే అనుకున్నాడు. కొవ్లా కదల్లేదు. కంబళి లేదు కూడా. అది దారిలో ఎవరికో ఇచ్చేసింది.

మూడో రోజు పొద్దున్నే పితికిన పాలు తీసుకుని సార్నత్ రాజుగారి గదిలోంచి పాలకొట్టానికి వెళ్తోంది, మీగడ కట్టడానికి పెట్టేందుకు. కొనాంగ్ ముఖం పీక్కుపోయి ఉంది. ఆమె చేతుల్లోని చెక్కదోనెలో పాల మీద నురగ ఇంకా ఆరలేదు. రాజు పక్కనున్న నౌకరుని చూసి, "ఇక్కడెవరూ లేరుగా?" అన్నాడు.

"ఎవరూ లేరు ప్రభూ" అన్నాడు వాడు.

సార్నత్ ఇద్దరికీ మూడడుగుల దూరంలో నిలబడి ఉంది. దోనె ఆమె చేతుల్లోంచే తీసుకుని, గటగటా తాగి, మీసం తుడుచుకుని, ఖాళీ దోనె మళ్ళీ ఆమె చేతుల్లోనే పెట్టాడు. దెబ్బలు తిన్నప్పుడు రాని ఏడుపు ఆమెకి అప్పుడొచ్చింది. తను మనిషి కాదు, మేకుకి తగిలించిన తోలుసంచి లాంటిదని అప్పుడు తెలిసింది. అయితే దుఃఖం వెనకే కోపం కూడా వచ్చింది. ఆ కోపమే ఆమెని జీవితాంతం నడిపింది.

కుడితి బుంగ నెత్తిన పెట్టుకుని దూడల పాక వైపు పోతూ, వాకిట్లో కూర్చున్న కొవ్లా పక్కన బుంగ సర్దుకుంటున్నట్టు ఆగింది.

"రాజు పాలు తాగాడమ్మా."

కొవ్లా తల ఎత్తింది. కళ్ళు లోతుకు పోయి, పెదాలు పగిలి ఉన్నాయి. సార్నత్ ముఖంలోకి చూసింది. చాలాకాలం తర్వాత ఒకరు ఆమె ముఖం చూశారు.

"చూశావా?"

"చూశాను."

"సరే" అంది కొవ్లా. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది.

తీర్పరిని పిలిపించారు, జనం పోగయ్యారు. రాజు పస్తు తప్పాడని కొవ్లా అంది. ఎవరు చెప్పారని తీర్పరి అడిగాడు. ఈ పిల్ల అని చూపించింది. జనంలో నవ్వు పుట్టింది. తీర్పరి తల పండిన మనిషి, నవ్వలేదు. "అమ్మా, బానిస మాట చెల్లదు. నువ్వు కళ్ళతో చూశావా?"

"లేదు. ఈ పిల్ల చూసింది. తన మాట చెల్లకపోతే నా మాట పెడతాను."

"అబద్ధమని తేలితే నీ మఠం మాట ఇక ఏ సభలోనూ నిలవదు. నీ హద్దురాళ్ళని ఎవడూ లెక్కచెయ్యడు. ఆలోచించుకో."

"ఆలోచించుకున్నాను" అని కొవ్లా మఠం ఇనపగంట తెప్పించి, దాని మీద చెయ్యి పెట్టింది. "కొనాంగ్ ఈ పొద్దున పాలు తాగాడు. దేవుడి మీద ఆన."

ఇప్పుడు రాజు వంతు. తాగలేదని అదే గంట మీద చెయ్యిపెట్టి చెప్పాలి. కొనాంగ్ చెయ్యి చాచాడు. రాజు పాలు దొంగగా తాగొచ్చు, బంట్లచేత పిల్లని ఈడ్పించొచ్చు. కానీ రాజు అబద్ధపు ప్రమాణం చేస్తే ఆ ఏడు కంకి పాలుపోసుకోదు, దేశంలో ఆవులన్నీ వట్టిపోతాయి. అది పసిపిల్లలకి కూడా తెలుసు. చుట్టూ ఉన్న జనంలో ఆవు లేనివాడు లేడు. అందరూ ఆ చేతినే చూస్తున్నారు. గంటకి జానెడు దూరంలో ఆ చెయ్యి చాలాసేపు గాలిలో ఆగిపోయింది.

"తీసుకుపో" అన్నాడు కొనాంగ్.

మఠానికి తిరిగి వస్తుంటే వాగు దగ్గర కొవ్లా, "నువ్వు పాలపని బాగా చేస్తావటగా. నాకు నేర్పుతావా?" అంది. నేర్చుకోలేకపోయింది, ఆ సంగతి మొదటే చెప్పాను.

ఇదంతా దీమాకి తెలుసు, అన్నీ ఆమె నోటితోనే విన్నాడు. ముప్పై ప్రశ్నలకీ జవాబులు రాసుకున్నాడు. అయినా ఆ మనిషి తెలివంతా అనుమానించడంలోనే ఉంది. గుమ్మంలో సార్నత్, లోపల దీమా, అలా రెండో రోజు గడిచింది. మఠంలో ఎవరికీ ముద్ద దిగలేదు. బాన బోర్లించే ఉంది, పాలు పులిసిపోతున్నాయి. మూరెన్ వచ్చి చాప పక్కన చతికిలబడి ఏడ్చింది.

"నీకు అరవై ఏడేళ్ళక్కా. చచ్చిపోతావు."

"పోతే వెన్నపెట్టెలు వెతుక్కోండి" అంది సార్నత్. మూరెన్ తల నిమిరి, మెత్తగా చెప్పింది. "నా పేరు కోసం కాదే పిచ్చిదానా. ఆమె మహా గొప్ప పని చేసింది. అది ఎవరో రెక్కలున్నవాడి పేరున పోతుంటే, చూసినదాన్ని నేనొక్కదాన్ని మిగిలి నోరు మూసుకుంటానా?"

మూడో రోజు పొద్దెక్కాక దీమా బయటికొచ్చాడు. బొద్దు బుగ్గలు జారిపోయాయి. గడప మీద ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు.

"అవ్వా, అక్కడున్నవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. రాజు పోయాడు, నౌకరు పోయాడు, తీర్పరి పోయాడు. నువ్వు చెప్పింది అబద్ధమైతే, నా రాతని ఎవడూ నమ్మడు. నా మఠం పరువు పోతుంది."

"అవును, పోతుంది" అంది సార్నత్. ఆమె గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

"ఆ రోజు అమ్మ నిన్ను ఏమేం అడిగింది? గాలి గురించి, దోనె గురించి, నౌకరు పేరు?"

"ఒక్కటే అడిగింది."

"ఒక్కటేనా?"

"రాసుకున్నావుగా నాయనా, చూసుకో."

చూసుకోనక్కర్లేదు, అతనికి గుర్తుంది. తలవంచుకుని తన వేళ్ళకున్న సిరామరకలు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తల ఎత్తి, వచ్చిన నెలరోజుల్లో మొదటిసారి, ఈక చేతిలో లేకుండా ఆమె ముఖంలోకి చూశాడు.

"చూశావా, అవ్వా?"

"చూశాను."

"సరే" అన్నాడు దీమా.

లోపలికెళ్ళి తోలు తెచ్చి, ఆ గడప మీదే, అందరూ చూస్తుండగా చాకుతో దేవదూతని గీకేశాడు. దేవదూత కదా, తొందరగా వదల్లేదు. సిరా దూడతోలులోకి బాగా దిగింది. గీకి గీకి అక్కడ తోలు పలచబడి, ఎండకి పట్టుకుంటే వెలుగు ఇవతలికి కనబడేంత అయింది. అది మచ్చల దూడదే. "నిమ్మళంగా, నిమ్మళంగా" అని సార్నత్ చెబుతూనే ఉంది, దూడకి నొప్పెడుతుందన్నట్టు. తర్వాత అతను ఈక ముంచి రెండు వరసలు రాశాడు. రాసి మూరెన్ చేతికిచ్చాడు.

మూరెన్ మజ్జిగ చెంబు తెచ్చి సిద్ధంగా పెట్టుకుంది. సార్నత్ దాన్ని పక్కకి నెట్టింది.

"ముందు చదువు."

మూరెన్ చదివింది. "రాజు కోటలో సార్నత్ అనే పాలపని చేసే బానిస ఉండేది. ఆమె చూసినది చెప్పింది. కొవ్లా ఆమె మాట నమ్మి, ఆ మాట మీద ప్రమాణం చేసింది."

సార్నత్ కళ్ళు మూసుకుని, బాన చప్పుడు వినేటప్పటిలా తల కొంచెం పక్కకి వంచి విన్నది. అరచెయ్యి తోలు మీద ఆనించింది.

"ఇంకోసారి చదువు" అంది.

మూరెన్ ఇంకోసారి చదివింది. అప్పుడు సార్నత్ చెంబు అందుకుని, "ముందు ఆ పిల్లాడికి పొయ్యండి, నాకు అలవాటే" అని దీమా వైపు జరిపింది. అతను తాగాక మిగిలింది తాగి, చాప చుట్టుకుని, బాన తిరగెయ్యడానికి పాలకొట్టంలోకి నడిచింది.